బావ కారు స్టీరింగ్ ఎక్కడ వదిలింది? విప్పి చూసిన డైరీ

కారు షెడ్డుకు వచ్చిన రోజు

మలుపులో నెమ్మదిగా తిప్పుతుంటే స్టీరింగ్ చేతుల్లో ఖాళీగా తిరిగిపోయిందని బావ చెప్పాడు. కారు తిరగలేదు, తిన్నగా వెళ్ళి రోడ్డు పక్క రాతి అంచుకు కొట్టుకుని ఆగింది. అదృష్టం కొద్దీ ఎవరికీ దెబ్బలు తగల్లేదు. బంపర్ నలిగింది, ఎడమ చక్రం వంకరగా నిలబడింది.

కారు నా చేతికి వచ్చేసరికే దాని మీద మూడు తీర్పులున్నాయి. "రాయికి గుద్దారు కాబట్టే స్టీరింగ్ ఊడింది" అన్నది సర్వీసు చేసిన వర్క్‌షాపు. పాత బండి, సరిగా చూసుకోలేదని బీమా తరఫున వచ్చిన సర్వేయరు రాసుకున్నాడు. బావేమో కంపెనీదే తప్పని గట్టిగా నమ్ముతున్నాడు. ముగ్గురిలో ఒక్కరూ కింద పడుకుని చూడలేదు.

"ముందు బండి బాగు చేయించేద్దాంరా, గొడవలు తర్వాత చూసుకోవచ్చు" అన్నాడు బావ. నేను ఒప్పుకోలేదు. "బాగు చేయించావంటే గొడవ కూడా అయిపోయినట్టే బావా. ఊడిన ముక్క చెత్తలోకి పోయాక నీ మాటకు విలువేముంటుంది?" అన్నాను. ఈ ఒక్క విషయంలో నేను మొండిగానే ఉంటాను. స్టీరింగ్ ఫెయిలైన కారులో ఎవరు బాధ్యులో చెప్పగలిగేది ఆ ఊడిన చోటు మాత్రమే. దాన్ని తుడిచినా, బిగించి చూసినా, రెండు ముక్కల్ని ఒకదానికొకటి ఆనించి చూసినా అది చెప్పాల్సింది కొంత పోతుంది.

ఈ షెడ్డు నేను ‘అన్న’ అని పిలిచే ఆయనది. నాకు పని నేర్పింది ఆయనే. ఆయన కారు చుట్టూ తాడు కట్టి, ఎవరూ ముట్టుకోవద్దని కుర్రాళ్ళకు చెప్పాడు. నేను ఫొటోలు తీశాను. ముందు దూరం నుంచి, తర్వాత దగ్గర నుంచి, ప్రతి ఫొటోలో పక్కన స్కేలు పెట్టి. కిలోమీటర్ల రీడింగు, టైర్ల మీద గీతలు, రాతి దెబ్బ తగిలిన చోటు అన్నీ రికార్డు అయ్యాయి. విప్పే రోజు మీ మనిషిని పంపండి అని వర్క్‌షాపుకు, బీమా వాళ్ళకు బావ చేత రాతపూర్వకంగా అడిగించాను. అవతలివాళ్ళు లేకుండా మనం ఒక్కళ్ళం విప్పితే, రేపు "మీరే విప్పేసి మా మీద పెడుతున్నారు" అంటారు. అలా అనే హక్కు వాళ్ళకు ఉంటుంది కూడా.

విప్పకుండా చూసిన రోజు

"పవర్ స్టీరింగ్ ఫెయిలైంది" అని బావ అందరికీ చెబుతున్నాడు. ఈ మాటతోనే సగం కేసులు దారి తప్పుతాయి. పవర్ పోవడం వేరు, పట్టు పోవడం వేరు. మోటారో పంపో ఆగిపోతే స్టీరింగ్ బరువెక్కుతుంది. బలంగా తిప్పితే చక్రాలు తిరుగుతాయి. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 79వది స్టీరింగ్ గురించే. ప్రయాణికుల కార్లలో అన్నీ సరిగా ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పడానికి 150 న్యూటన్లకు మించి బలం అక్కర్లేకుండా ఉండాలనీ, సాయం పోయినప్పుడు కూడా అది 300 న్యూటన్లు దాటకూడదనీ అందులో ఉంది. అంటే దాదాపు 30 కిలోల బరువు లాగినంత. కష్టమే, కానీ కారు మన మాట వింటుంది. బావ చేతుల్లో స్టీరింగ్ బరువెక్కలేదు, తేలికైపోయింది. కాబట్టి మోటారును అనుమానించాల్సిన పని లేదు. స్టీరింగ్‌కూ చక్రాలకూ మధ్య ఇనుప లంకె ఎక్కడో తెగింది.

ఎక్కడో తెలుసుకోవడానికి స్పానర్ పట్టాల్సిన అవసరం రాలేదు. బ్యాటరీ తీసి, ఎయిర్‌బ్యాగ్ పొరపాటున పేలకుండా చెప్పినంత సేపు ఆగి, ముందు భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద కూర్చోబెట్టాం. కుడి టైరును చేత్తో తిప్పితే ఎడమ టైరు కూడా కదిలింది. అంటే మధ్యలో పక్కకు జరిగి చక్రాలను తిప్పే పళ్ళ కడ్డీ రాక్, దాన్ని రెండు చక్రాలకూ కలిపే టై రాడ్లూ, వాటి చివరి కీళ్ళు (ఎండ్లు) అన్నీ కలిసే ఉన్నాయి. ఎడమ టై రాడ్ వంగింది గానీ ఊడలేదు. టైర్లు తిరుగుతున్నప్పుడు పైన స్టీరింగ్ మాత్రం కదల్లేదు. అన్న లోపల కూర్చుని స్టీరింగ్‌ను కొద్దిగా అటూ ఇటూ కదిపాడు. టైర్లలో చలనం లేదు. ఎక్కువ తిప్పొద్దని చెప్పాను, ఎందుకంటే స్టీరింగ్ వెనక ఎయిర్‌బ్యాగ్ తీగ చుట్టలా ఉంటుంది, పరిమితి దాటి తిప్పితే అది తెగుతుంది, అప్పుడు దాన్ని మనమే తెంపామంటారు.

దాంతో వెతకాల్సిన చోటు జానెడుకు కుదించుకుపోయింది. స్టీరింగ్ కింద ఉండే కడ్డీ (కాలమ్) అడుగు నుంచి, రాక్‌ను కదిపే పళ్ళ ఇరుసు (పినియన్) వరకు ఉండే మధ్య షాఫ్టు, దానికి రెండు చివర్లా ఉండే జాయింట్లు. అంతే.

కారు కంప్యూటరులో నమోదైన లోపాలు చదివే స్కానర్ కూడా పెట్టించాం. వర్క్‌షాపు వాళ్ళు మొదటి రోజే స్కానర్ పెట్టి "స్టీరింగ్‌లో ఫాల్ట్ కోడ్ లేదు" అని కాగితం ఇచ్చారట. మాకూ ఏమీ రాలేదు. రాదు కూడా. ఈ కారులో సాయం చేసే మోటారు కాలమ్ మీదే ఉంది. కింద షాఫ్టు ఊడిపోతే, తిప్పే బలాన్ని కొలిచే దాని టార్క్ సెన్సర్‌కు తెలిసేది ఒక్కటే: డ్రైవరు చాలా తక్కువ బలంతో తిప్పుతున్నాడని. అది తప్పు కాదు కాబట్టి కోడ్ పడదు. స్కానర్ తీగల ఆరోగ్యం చెబుతుంది, బోల్టు సంగతి దానికి తెలియదు. "కోడ్ లేదు కాబట్టి లోపం లేదు" అని కస్టమరు చేతిలో కాగితం పెట్టడం నాకు చాలా బాధ కలిగించింది. ఆ కాగితం నమ్మి అదే కారును మళ్ళీ రోడ్డెక్కించేవాళ్ళు ఎంతమంది ఉంటారో.

విప్పిన రోజు

వర్క్‌షాపు నుంచి ఒక సూపర్‌వైజరు వచ్చాడు. మర్యాదస్తుడు. బీమా తరఫున ఎవరూ రాలేదు. రమ్మని అడిగిన లెటరు కాపీ ఫైల్లో పెట్టుకున్నాం.

పినియన్ దగ్గర ఉండే రబ్బరు తొడుగు తీయగానే కనబడింది. షాఫ్టు కింది చివర పినియన్‌ను పట్టుకునే యోక్ దాని పక్కకు జారి వేలాడుతోంది. ఎక్కడా ఏదీ విరగలేదు. యోక్‌కు అడ్డంగా ఉండే పించ్ బోల్టు దాని చోట్లోనే ఉంది. సూపర్‌వైజరు స్పానర్ వేసి చూసి, "బోల్టు టైట్‌గానే ఉంది సార్. మా వాళ్ళు వదిలేసి ఉంటే లూజుగా ఉండాలి కదా" అన్నాడు.

న్యాయమైన ప్రశ్న. జవాబు అర్థం కావాలంటే ఆ జాయింట్ ఎలా పట్టుకుంటుందో తెలియాలి. పినియన్ చివర చుట్టూ నిలువు పళ్ళుంటాయి, యోక్ లోపల వాటికి సరిపడే పళ్ళు. రెండూ ఒకదానిలో ఒకటి దూరితే స్టీరింగ్ తిప్పిన బలం కిందికి దిగుతుంది. యోక్ ఒక పక్క చీలి ఉంటుంది, బోల్టు బిగిస్తే ఆ చీలిక దగ్గరకొచ్చి పినియన్‌ను పిండుతుంది. కానీ ఆ పిండుడు ఒక్కదాని మీదే ప్రాణాలు పెట్టరు. పినియన్ మీద పళ్ళకు అడ్డంగా ఒక గాడి ఉంటుంది. యోక్ పూర్తిగా కిందికి దిగితే బోల్టు ఆ గాడిలోంచి పోతుంది. అప్పుడు బోల్టు కాస్త లూజైనా షాఫ్టు పైకి జారలేదు, బోల్టే అడ్డుగడియలా పనిచేస్తుంది.

యోక్ సగమే దిగితే? బోల్టు రంధ్రానికి ఎదురుగా పినియనే ఉండదు. బోల్టు ఏ అడ్డూ లేకుండా దూరిపోతుంది, చక్కగా బిగుస్తుంది, తగినంత బిగువు వచ్చిందని టార్క్ రెంచ్ టక్కున కొడుతుంది. పైనుంచి చూస్తే తేడా తెలియదు. యోక్ మాత్రం పళ్ళ కొస మీద కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పట్టుకుని ఉంటుంది. స్టీరింగ్ పనిచేస్తుంది. కారు కస్టమరుకు ఇచ్చేస్తారు.

ఇక్కడ జరిగింది అదేనా అని లోహాన్నే అడిగాం. ఏదీ తుడవకుండా, లైటు పక్క నుంచి పడేలా పట్టుకుని భూతద్దంతో చూశాం. పినియన్ పళ్ళ పొడవు 26 మిల్లీమీటర్లు. అందులో పైన 6 మిల్లీమీటర్ల మేర పళ్ళు అరిగి తళతళ మెరుస్తున్నాయి, అంచులు నలిగి ఉన్నాయి. ఆ కిందంతా ఎండిన గ్రీజు, దాని మీద దుమ్ము, పళ్ళ మధ్య సన్నని తుప్పు. గాడి నిండా మట్టి గట్టిపడి ఉంది. బోల్టు బయటికి తీస్తే దాని నడుము మీద ఒక్క ఒరిపిడి గుర్తు లేదు. గాడిలో కూర్చుని నెలల తరబడి పనిచేసిన బోల్టు అలా ఉండదు.

ప్రమాదం జరిగే క్షణం దాకా యోక్ పూర్తిగా దిగే ఉంటే, ఆ 26 మిల్లీమీటర్లూ శుభ్రంగా ఉండాలి. తుప్పు ఒక్క రోజులో పట్టొచ్చు గానీ, గాడిలో మట్టి గడ్డకట్టదు.

సూపర్‌వైజరు చాలాసేపు చూశాడు. తర్వాత, "రాయికి కొట్టిన దెబ్బకు షాఫ్టు పైకి ఎగిరి ఉండొచ్చు కదా" అన్నాడు. ఆ దారి కూడా చూశాం. చక్రానికి తగిలిన దెబ్బ టై రాడ్ మీదుగా రాక్‌ను పక్కకు నెడుతుంది, రాక్ పినియన్‌ను తిప్పుతుంది. అంటే షాఫ్టుకు అందేది మెలి, నిలువు లాగుడు కాదు. అంత మెలి పడితే పళ్ళ పక్కలు ఒకే వైపుకు ఒరిగి కనిపించాలి. అలా లేదు. రాక్‌ను మోసే సబ్‌ఫ్రేమ్ కిందికి జరిగితే షాఫ్టు లాగబడే అవకాశం ఉంది, అందుకని దాని బోల్టుల చుట్టూ ఉన్న మట్టి గీతల్ని చూశాం. ఎక్కడా చెదరలేదు. టై రాడ్ రాయి తగిలి వంగింది. స్టీరింగ్ అంతకు ముందే పోయింది.

అతను కాదనలేదు. ఫొటోల కాగితం మీద "నా సమక్షంలో తీసినవి" అని సంతకం పెట్టాడు. ఆ సంతకానికి అతన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

విరిగి ఉంటే ఏం చూసేవాళ్ళం

ఆ సాయంత్రం షెడ్డులో కుర్రాళ్ళు అడిగారు. ఇది ఊడిన కేసు కాబట్టి తేలిగ్గా తేలింది, టై రాడ్ ఎండో బాల్ జాయింటో నిజంగా విరిగి ఉంటే సంగతేంటని. అన్న పాత సామాన్లలోంచి అలాంటి జాయింట్‌లో ఉండే మేకు లాంటి కడ్డీ, ఒక విరిగిన స్టడ్ తెచ్చి చూపించాడు. విరిగిన ముఖం మీద సగం నున్నగా, నల్లబడి, అలల్లాంటి వంపు గీతలతో ఉంది. మిగతా సగం గరుకుగా, మెరుస్తూ ఉంది. నున్నటి భాగం నెలల తరబడి పెరిగిన పగులు, లోహం అలసిపోయిన గుర్తు. గరుకు భాగం చివరి రోజు ఒక్కసారిగా తెగింది. ముఖమంతా కొత్తగా, గరుకుగా, వంగి ఉంటే ప్రమాదంలో విరిగినట్టే. ఆ వంపు గీతలు పగులు మొదలైన చోటు చుట్టూ ఏర్పడతాయి కాబట్టి వెనక్కి వెళ్తే మొదలు దొరుకుతుంది. అక్కడ లోహం తయారీలోనే లోపం ఉంటే తయారీదారు వైపు చూడాలి, సుత్తి దెబ్బ ఉంటే వర్క్‌షాపు వైపు. చిరిగిన రబ్బరు బూటు లోంచి నీళ్ళు దిగి తుప్పు పట్టి ఉంటే, ఆ బూటును ఆఖరిగా చూసి "ఓకే" రాసినవాళ్ళెవరో వెతకాలి.

కాగితాలు వెతికిన రోజు

జాయింట్ సగం దిగిందని తేలింది. ఎవరు దించారు? ఫ్యాక్టరీలోనే అలా బిగించారా? ఇది కూడా జరగని విషయం కాదు. 2023లో అమెరికాలో టెస్లా మోడల్ వై కార్లు రెండు, స్టీరింగ్‌ను కాలమ్‌కు బిగించే బోల్టు లేకుండానే కస్టమర్లకు చేరాయని అక్కడి రహదారి భద్రతా సంస్థ దర్యాప్తు మొదలుపెట్టింది. బోల్టు లేకపోయినా పళ్ళ బిగువు మీద కొన్నాళ్ళు నిలిచి, నడుస్తుండగా ఊడివచ్చాయి. కాబట్టి బావ అనుమానాన్ని నేను కొట్టిపారేయలేదు.

బావ అన్ని బిల్లులూ దాచుకున్నాడు. సర్వీసు కాగితాల కట్టలో ఒక జాబ్ కార్డు దొరికింది, "స్టీరింగ్ రాక్ మార్పు" అని. రాక్ మార్చాలంటే ఆ పించ్ బోల్టు తీసి యోక్‌ను పినియన్ నుంచి విడదీయక తప్పదు. ఫ్యాక్టరీ బిగింపు అక్కడితో ముగిసింది. కొత్త రాక్‌తో వచ్చిన పినియన్ మీద ఆ యోక్‌ను కూర్చోబెట్టింది వర్క్‌షాపు చెయ్యి.

దాని తర్వాతి కార్డు చూసి అన్న తల పట్టుకున్నాడు. "స్టీరింగ్ తిప్పితే ముందు నుంచి టక్ అని శబ్దం, స్టీరింగ్ మధ్యలో నిలవడం లేదు" అని బావ చెప్పిన ఫిర్యాదు రాసి ఉంది. దాని ఎదురుగా "చెక్ చేశాం, ఓకే. అలైన్‌మెంట్ చేశాం" అని ఉంది. పళ్ళ కొస మీద వేలాడుతున్న యోక్ చేసేది ఆ శబ్దమే. కారు కుదిపిన ప్రతిసారీ రాక్, బాడీ ఒకదానికొకటి కొంచెం కదులుతాయి. గాడిలో బోల్టు లేని యోక్ కొద్దికొద్దిగా పైకి పాకుతుంది. స్టీరింగ్ మధ్య నుంచి తప్పిందంటే, ముందుగా చూడాల్సింది ఎవరో ఇటీవల విప్పిన జాయింటే. అలైన్‌మెంట్ చేస్తే టైర్లు తిన్నగా అవుతాయి, హెచ్చరిక కనిపించకుండా పోతుంది.

బీమావాళ్ళు "సరిగా చూసుకోలేదు" అన్న మాట ఈ కార్డు దగ్గర నిలవదు. శబ్దం వస్తోందని యజమాని చెప్పాడు, కారు తెచ్చి అప్పజెప్పాడు, డబ్బు కట్టాడు. ఓనరుగా అతని పని అంతవరకే. ఫిర్యాదు చేయకుండా శబ్దంతోనే నడిపి ఉంటే నేను మరోలా రాసేవాణ్ణి.

పాత తీర్పులు చదివిన రాత్రి

బాధ్యత గురించి కోర్టులు ఏమన్నాయో చదువుతుంటే స్టీరింగ్ కేసే ఒకటి దొరికింది. 1955 మేలో అమెరికాలోని న్యూజెర్సీలో క్లాజ్ హెన్నింగ్సన్ అనే ఆయన భార్య హెలెన్ కోసం కొత్త ప్లిమత్ కారు కొన్నాడు. చేతికొచ్చిన పదో రోజున, కారు 468 మైళ్ళు తిరిగేసరికి, ఆమె నడుపుతుండగా కింద నుంచి పెద్ద శబ్దం వచ్చింది, స్టీరింగ్ చేతుల్లో గిర్రున తిరిగింది, కారు కుడికి మళ్ళి గోడను గుద్దింది. ముందు భాగం ఎంత నుజ్జయిందంటే ఏ భాగంలో లోపం ఉందో చూపడం సాధ్యం కాలేదు. లోపమున్న భాగాన్ని మార్చి ఇవ్వడం వరకే తమ పూచీ అని తయారీ సంస్థ క్రైస్లర్ వారంటీలో రాసుకుంది. 1960లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఆ షరతు చెల్లదంది. తయారీదారు, డీలరు ఇద్దరూ బాధ్యులే, కొన్నది భర్త అయినా గాయపడిన భార్యకూ ఆ హక్కు ఉంటుందని తీర్పునిచ్చింది.

విరిగిన ముక్క చూపించలేకపోయినా ఆమె ఎలా గెలిచింది? నాకు అర్థమైనంతలో, ఆ పది రోజుల్లో కారు మీద మరో చెయ్యి పడలేదు. కొత్త కారు స్టీరింగ్ పది రోజుల్లో పోయిందంటే కారణం ఫ్యాక్టరీలోనో డీలరు దగ్గరో ఉండాలి. అంతకు చాలా ముందే, 1916లో, న్యూయార్క్ కోర్టు బ్యూయిక్ కారు చక్రం విరిగిన కేసులో ఇంకో విషయం తేల్చింది. చక్రం వేరే కంపెనీ దగ్గర కొన్నదే అయినా, పరీక్షించి బిగించాల్సిన బాధ్యత కారు తయారుచేసిన కంపెనీదేనని.

ఈ రెండు కేసులూ చదివాక నా మనసులో వరుస కుదిరింది. ఫ్యాక్టరీ బిగింపు చెదరకుండా ఉన్నంతకాలం తయారీదారు వైపే చూడాలి. హోండా 2024లో అమెరికాలో దాదాపు 17 లక్షల కార్లను స్టీరింగ్ గేర్‌బాక్సులోని వార్మ్ వీల్ అనే పళ్ళ చక్రం సరిగా తయారు కాలేదని వెనక్కి పిలిచింది. అలాంటి కారులో స్టీరింగ్ పట్టేస్తే ఓనరునో మెకానిక్‌నో అడిగి లాభం లేదు. ఒకసారి ఒక జాయింట్‌ను ఎవరైనా విప్పారంటే మాత్రం, దాన్ని సరిగా బిగించామని చూపాల్సిన భారం వాళ్ళ మీదికి వస్తుంది. చట్టం దేశానికో రకంగా ఉంటుంది గానీ, మెకానిక్‌గా నేను నమ్మేది ఇదే.

బిగించిన రోజు

పాత షాఫ్టు, యోక్, బోల్టు, పాత పినియన్‌తో సహా రాక్ విడివిడి సంచుల్లో సీలు వేసి, తేదీ రాసి, బావ సంతకంతో పెట్టాం. పళ్ళు నలిగిన పినియన్‌ను తిరిగి వాడే ప్రశ్నే లేదు. కొత్త రాక్, కొత్త మధ్య షాఫ్టు, కొత్త బోల్టు, రెండు టై రాడ్లూ.

టైర్లను, స్టీరింగ్‌ను మధ్యలో కట్టేసి, యోక్‌ను పూర్తిగా దించాం. బోల్టు పెట్టేముందు రంధ్రంలోంచి లైటు వేసి చూస్తే గాడి ఎదురుగా కనిపించింది. బోల్టు చేత్తోనే చివరి దాకా వెళ్ళింది. బిగించకుండానే షాఫ్టును పైకి లాగి చూశాను, రాలేదు. ఈ లాగి చూడడం మాన్యువల్‌లో ఉన్నా లేకపోయినా ప్రతి షెడ్డులో చేయాలి. టార్క్ రెంచ్ చేయలేని పరీక్ష ఇది. తర్వాత మాన్యువల్ చెప్పినంత టార్క్, బోల్టు తల మీద నుంచి యోక్ మీదికి పసుపు రంగు గీత. అలైన్‌మెంట్, సెన్సర్ జీరో సెట్టింగు అయ్యాక కొన్నాళ్ళు నడిపి వచ్చి మళ్ళీ తొడుగు తీసి చూశాం. గీత చెదరలేదు.

ఇప్పటి పరిస్థితి

వర్క్‌షాపు రాత జవాబు ఇచ్చింది. రాక్ బిగించింది తామేనని ఒప్పుకుంది, రిపేరు ఖర్చు భరిస్తామంది. శబ్దం గురించి వచ్చిన ఫిర్యాదుకు "ఓకే" ఎలా రాశారన్న ప్రశ్నకు మాత్రం ఆ ఉత్తరంలో జవాబు లేదు. డబ్బు తీసుకుని వదిలేద్దామన్నాడు బావ. "నీ కారు సంగతి తేలింది బావా. అదే చేత్తో ఇంకెన్ని రాక్‌లు మార్చారో వాళ్ళనే అడుగు" అన్నాను. అడిగాడు. అదే కాలంలో అక్కడ రాక్ మార్చిన కార్లన్నిటినీ పిలిచి జాయింట్ చూడాలని రెండో ఉత్తరం వెళ్ళింది.

తయారీదారుకు కూడా ఒకటి రాస్తున్నాం. ఈ ఊడడం వాళ్ళ తప్పని కాదు. యోక్ సగం దిగినా బోల్టు అడ్డు లేకుండా దూరిపోయే డిజైను ఎందుకుండాలి అని. పూర్తిగా కూర్చోకపోతే బోల్టును దూరనివ్వని అడ్డు క్లిప్పు ఉన్న యోక్‌లు వేరే కార్లలో ఉన్నాయి. ఆ క్లిప్పు ఇందులో ఎందుకు లేదు, సర్వీసు మాన్యువల్‌లో షాఫ్టును లాగి చూడమని ఎందుకు రాయలేదు అనేవి మా ప్రశ్నలు. పినియన్ ఫొటోలు జత చేశాం. సీలు వేసిన సంచులు షెడ్డులోనే ఉన్నాయి, రెండు జవాబులూ వచ్చేదాకా వాటిని తెరిచేది లేదు.